నామినీ ఉంటే డబ్బంతా వాళ్లదేనా? మణుగూరు కార్మిక కుటుంబాలు తెలుసుకోవాల్సిన వారసత్వ లెక్క

సింగరేణి గనులు, భద్రాద్రి థర్మల్ ప్లాంట్, పక్కనే అశ్వాపురం భారజల కర్మాగారం.. మణుగూరు ప్రాంతంలో చాలా ఇళ్లు నెల జీతం మీదే నడుస్తాయి. ఇంటి పెద్ద చనిపోతే పీఎఫ్, గ్రాట్యుటీ, బ్యాంకు డిపాజిట్లు అన్నీ ఒకేసారి తేలాలి. అప్పుడు మొదలయ్యే తిరుగుడుకు పెద్ద కారణం.. ఏ కాగితం ఏ పనికొస్తుందో తెలియకపోవడమే.

తహసీల్దార్ కాగితం వేరు, కోర్టు కాగితం వేరు

తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో మాత్రమే చెబుతుంది. ఎవరి వాటా ఎంతో తేల్చదు. చనిపోయిన వ్యక్తికి రావాల్సిన బాకీలు, డిపాజిట్లు, షేర్లు వసూలు చేసుకునే అధికారం ఇచ్చేది కోర్టు జారీ చేసే వారసత్వ ధ్రువపత్రం. దీన్నే సక్సెషన్ సర్టిఫికెట్ అంటారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, చనిపోయిన వ్యక్తి మామూలుగా నివాసం ఉన్న ప్రాంతపు జిల్లా జడ్జి దీన్ని ఇస్తారు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే కింది కోర్టులూ ఇవ్వొచ్చు. భూమికి మాత్రం ఇది పనికిరాదు. వ్యవసాయ భూమి వారసుల పేరు మీదికి మారాలంటే భూభారతి చట్టం కింద తహసీల్దార్ దగ్గరికే వెళ్లాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు కౌంటీ ప్రొబేట్ కోర్టు తెలిసిందే. వీలునామా ఉన్నా లేకున్నా ఆస్తి లెక్క సాధారణంగా అక్కడే తేలుతుంది. తెలంగాణలో వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. అందుకే ఇక్కడ మన పని ఎక్కువగా సక్సెషన్ సర్టిఫికెట్‌తోనే.

నామినీ.. డబ్బు తీసుకునే చెయ్యి మాత్రమే

నామినీగా పేరుంటే డబ్బంతా తనదే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఎల్ఐసీ పాలసీ కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది, షేర్ల విషయంలో 2023లో మళ్లీ స్పష్టం చేసింది.. నామినీ డబ్బు అందుకోవచ్చు కానీ వారసుల హక్కు పోదని. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగవాళ్లు చనిపోతే భార్య, కొడుకు, కూతురుతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. చాలా ఇళ్లలో మర్చిపోయేది ఆ తల్లినే. పెళ్లయి వెళ్లిపోయిన కూతురి వాటా కూడా ఎక్కడికీ పోదు.

ఇంకో మాట. డిపెండెంట్ ఉద్యోగం ఆస్తి కాదు. అది కంపెనీ రూల్స్ ప్రకారం వస్తుంది. కోర్టు కాగితం చూపించి ఉద్యోగం అడగలేరు.

కోర్టులో ఏం జరుగుతుంది?

పిటిషన్ వేయగానే ముందు చూసేది ఆఫీసు సిబ్బంది. మరణ తేదీ, నివాసం, దగ్గరి బంధువుల వివరాలు, రావాల్సిన డబ్బుల జాబితా.. ఏది తగ్గినా పిటిషన్ వెనక్కి వస్తుంది. తర్వాత బంధువులకు నోటీసులు. అడ్రస్ తప్పయితే నోటీసు తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది.

సింగరేణిలో దీనికి మారుపేర్ల చిక్కు తోడవుతుంది. ఒకప్పుడు వేరే పేరుతో పనిలో చేరిన కార్మికులు ఉన్నారు. కంపెనీ రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ఆ ఇద్దరూ ఒక్కరేనని కుటుంబమే నిరూపించుకోవాలి.

ఆలస్యం బాధాకరమే. కానీ ఆ నోటీసే లేకపోతే ఊళ్లో ఉన్న తల్లికి, దూరాన ఉన్న కూతురికి సంగతి తెలియకుండానే డబ్బు చేతులు మారిపోతుంది.

బ్యాంకులో కొత్త వెసులుబాటు

2025 సెప్టెంబరులో ఆర్బీఐ కొత్త ఆదేశాలు ఇచ్చింది. నామినీ లేకపోయినా, వారసుల మధ్య గొడవ లేకపోతే వాణిజ్య బ్యాంకులు 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకులు 5 లక్షల వరకు సక్సెషన్ సర్టిఫికెట్ అడగకుండానే చెల్లించాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో పని పూర్తవ్వాలి. అంటే చిన్న మొత్తాలకు కోర్టు మెట్లెక్కాల్సిన అవసరం తగ్గుతుంది. గొడవ ఉంటే మాత్రం కోర్టే దిక్కు.

కోయ కుటుంబాల సంగతేంటి?

హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు. అక్కడ ఆచారమే ఆధారం. అయితే ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో 2025 జులై 17న సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని నిరూపించకపోతే సమానత్వమే వర్తిస్తుందని చెప్పింది. ఏజెన్సీలోని ఆడబిడ్డలకు ఇది పెద్ద ఆసరా. కానీ ఈ మాట గూడేల దాకా చేరాలి.

ఇప్పుడే చేయాల్సినవి

* కంపెనీ, బ్యాంకు, పీఎఫ్ రికార్డుల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి.
* పెళ్లికి ముందు రాసిన నామినీ పేరును మార్చుకోవాలి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు.
* మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100.

మనిషి ఉండగా అరగంటలో సరిచేసుకునే పేరు, పోయాక నెలల తరబడి కోర్టు వాయిదాలకు తిప్పుతుంది. ఆ భారం ఎక్కువగా పడేది భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్ల మీదే.