డ్రోన్ యాంటెన్నా: దూరం కన్న దిశ ముఖ్యం

పిచికారీ డ్రోన్ రిమోట్‌కు అధిక గెయిన్ యాంటెన్నా అమర్చితే సమస్య తీరుతుందన్న భావన అర్ధసత్యమే. గెయిన్ 6 డెసిబెల్స్ పెరిగితే ఆటంకం లేనిచోట సంకేత దూరం రెట్టింపవుతుంది. కాని ప్రసార పరిధి ఇరుకై, డ్రోన్ పక్కకు మళ్లగానే సంకేతం క్షీణిస్తుంది. ఎగిరే వ్యవధిని ప్రధానంగా నిర్ణయించేది బ్యాటరీయే.

చతురస్రాకారపు ఎకరం మడి భుజం సుమారు 64 మీటర్లు మాత్రమే. అక్కడ సంకేతానికి అడ్డు దూరం కాదు; గట్టుమీది చెట్లు, ఆపరేటర్ శరీరం, తప్పు దిశ. కడ్డీ యాంటెన్నా కొన వైపు ప్రసారం అత్యల్పం. దాని పక్కభాగమే డ్రోన్‌కు అభిముఖంగా ఉండాలి. సంకేతం తెగి డ్రోన్ మధ్యలో వెనుదిరిగితే కొన్ని సాళ్లకు మందు అందదు, కొన్నింటిపై రెండుసార్లు పడవచ్చు.

కనుక విస్తరణ శిక్షణలో నిలబడే చోటు, యాంటెన్నా దిశ మొదట నేర్పాలి. అప్పటికీ మార్పు అవసరమైతే, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో గెయిన్‌తో కలిపి వెలువడే శక్తి 4 వాట్ల చట్టబద్ధ పరిమితిని మించరాదు.