పిడికెడు మట్టి ఏం చెబుతుంది?

మా నూజివీడు వైపు ఏ మామిడి తోటలోనైనా పిడికెడు మట్టి తీసి ల్యాబ్‌కి పంపండి. అందులో నైట్రేట్ కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. చెట్టు పాదుల్లో ఎరువు వేస్తాం కదా మరి! అదే నైట్రేట్ బాంబు పేలిన చోట దొరికితే మాత్రం, టీవీలో 'పేలుడు పదార్థం ఆనవాళ్లు లభ్యం' అని స్క్రోలింగ్ వచ్చేస్తుంది. ఎరువు నైట్రేట్‌కీ, బాంబు నైట్రేట్‌కీ తేడా ఎలా తెలుస్తుంది?

అందుకే పేలిన గుంతలోని మట్టి ఒక్కటే తీస్తే చాలదు. పేలుడు ప్రభావం పడని చోటు నుంచి, కాస్త దూరంగా ఇంకో పిడికెడు తీయాలి. దీన్ని కంట్రోల్ శాంపిల్ అంటారు. రెండింటినీ పోల్చి చూస్తేనే, గుంతలో దొరికింది మామూలుగా ఆ నేలలో ఉండేదా, బయటి నుంచి వచ్చిందా అన్నది తేలుతుంది. ఆ రెండో పొట్లం కట్టకపోతే మొదటి పొట్లానికి విలువ తగ్గిపోతుంది.

బాంబు పేలితే అంతా కాలి బూడిదైపోతుందని మనం అనుకుంటాం. నిజానికి కొద్దిగా మందు కాలకుండా మిగిలి రేకు ముక్కలకీ, గుడ్డలకీ, మట్టికీ అంటుకుంటుంది. ల్యాబ్‌లో వాటిని అసిటోన్‌తో కడిగితే ఆర్డీఎక్స్, టీఎన్‌టీ లాంటివి అందులోకి దిగుతాయి. నీళ్లతో కడిగితే నైట్రేట్, అమ్మోనియం లాంటి లవణాలు దిగుతాయి. ఆ తర్వాత యంత్రాల పని. ఒక యంత్రం చెప్పిందని ఆగిపోరు, వేరే పద్ధతిలో మళ్లీ సరిచూస్తారు. వైరు ముక్క, బ్యాటరీ తునక, టైమర్ చక్రం, వీటి లెక్క వేరే.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. 2016 డిసెంబర్‌లో ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది.

మక్కా మసీదు కథ వేరు. 2007 మే 18న అక్కడ బాంబు పేలింది. పేలని బాంబు కూడా ఒకటి పోలీసుల చేతికి చిక్కింది. ఇంతకన్నా మంచి భౌతిక సాక్ష్యం ఏముంటుంది అనిపిస్తుంది. అయినా 2018 ఏప్రిల్ 16న, నేరం రుజువు కాలేదంటూ విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు వదిలేసింది.

ల్యాబ్ చెప్పగలిగేది పేలింది ఏమిటి, ఎలా పేలింది అని. పెట్టింది ఎవరు అన్నది తేలాలంటే ఆ వస్తువుకీ మనిషికీ మధ్య ముడి పడాలి. ఆ ముడి వేలిముద్ర కావచ్చు, డీఎన్‌ఏ కావచ్చు, ఫోన్ రికార్డు కావచ్చు, సాక్షి మాట కావచ్చు. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆ ముడి అది వేయలేదు.

ఇంకోటి, పొట్లం ప్రయాణం. ఎవరు తీశారు, ఎవరు సీలు వేశారు, ఏ రోజు ఎవరి చేతికి ఇచ్చారు? నేను రాసే సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ లైను మార్చారో లాగ్‌లో ఉంటుంది. మట్టి పొట్లానికి ఆ లాగ్ కాగితం మీద సంతకాలే. మధ్యలో ఒక్క సంతకం లేకపోయినా డిఫెన్స్ లాయరు పట్టుకునేది అక్కడే. పట్టుకోవాలి కూడా. అవతల బోనులో ఉన్నది ఒక మనిషి ప్రాణం.

2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్వయంగా ఘటనా స్థలానికి వెళ్లాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చారు. మంచిదే. కానీ వాళ్లు వచ్చేలోపు మనం ఏం చేస్తున్నాం? సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియోల కోసం అక్కడే తొక్కేస్తున్నాం. గాయపడినవాళ్లకి సాయం చేయాలి, ముందు అదే. ఆ తర్వాత వెనక్కి జరగండి, ఏ ముక్కనీ ముట్టుకోకండి. చెప్పుకి అంటుకుపోయిన మట్టి కోర్టుకి రాదు.