కరెంట్ పోతే గ్రో లైట్లు ఆరిపోనివ్వండి.. ఎయిర్ పంప్‌ని మాత్రం ఆగనివ్వొద్దు

"ఇంట్లో గ్రో రూమ్ పెట్టాను, కరెంట్ పోతే ఏ ఇన్వర్టర్ కొనాలి?" ఈ మధ్య ఫ్రెండ్స్ నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ఖాళీ గదిలో ఒక ర్యాక్, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, నీళ్లలో పెరిగే లెట్యూస్, బేసిల్, పుదీనా.. మన వయసువాళ్లలో ఈ హాబీ బాగానే పెరుగుతోంది. కొందరికి ఇది హాబీ దాటి చిన్న బిజినెస్ కూడా అయింది. కానీ బ్యాకప్ విషయానికి వచ్చేసరికి అందరూ ఒకే లెక్క వేస్తున్నారు: గదిలో ఉన్న అన్నిటి వాట్లు కూడి, అంత లోడ్ మోసే ఇన్వర్టర్ కొనడం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ లెక్క మొదటి లైన్‌లోనే తప్పు. కరెంట్ పోయినప్పుడు గదిలో అన్నీ నడవాల్సిన పనిలేదు. ముఖ్యంగా లైట్లు నడవకపోవడమే మంచిది.

గుంటూరులో మా పిన్ని కొడుకు ఒక చిన్న గదిలో లెట్యూస్ పెంచి రెండు కేఫ్‌లకు ఇస్తాడు. డిగ్రీ అయ్యాక వాడికి ఉన్న ఆదాయం ప్రస్తుతానికి అదే. బ్యాకప్ కోసం షాపుకెళ్తే రెండు పెద్ద బ్యాటరీలు, వాటికి తగ్గ ఇన్వర్టర్ కలిపి 45 వేలకు పైగా కొటేషన్ ఇచ్చారు. వాడి ర్యాక్, లైట్లు, టబ్బులు అన్నీ కలిపినా అంత కాలేదు. నాకు ఫోన్ చేశాడు. "ముందు లైట్లని లిస్ట్‌లోంచి తీసెయ్‌రా" అన్నాను. "అన్నా, లైట్లు లేకపోతే మొక్కలు చచ్చిపోవా?" అన్నాడు. చాలామందికి ఉన్న భయం ఇదే.

చీకటి మొక్కకి కొత్త కాదు

బయట పెరిగే మొక్క రోజూ రాత్రంతా చీకట్లోనే ఉంటుంది. మబ్బు పట్టిన రోజు వెలుతురు సగానికి సగం తగ్గినా తట్టుకుంటుంది. మన గదుల్లో లెట్యూస్‌కి రోజుకు సుమారు 16 గంటలు లైట్ ఇస్తాం. అందులో మూడు గంటలు పోతే ఆ రోజు వెలుతురులో ఐదో వంతు కూడా పోలేదు. కావాలంటే రాత్రి ఇంకో మూడు గంటలు లైట్లు వేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: చామంతిలాగా రాత్రి పొడవును బట్టి పూసే మొక్కలకి రాత్రిపూట లైట్ వేస్తే పూత దెబ్బతింటుంది. ఆకుకూరలకి ఆ గొడవ లేదు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. లైట్ తాగే కరెంట్ దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. 240 వాట్ల లైట్లంటే గదిలో 240 వాట్ల హీటర్ పెట్టినట్టే. మామూలుగా ఆ వేడిని ఏసీ లాగేస్తుంది. కరెంట్ పోతే ఏసీ ఆగుతుంది. అప్పుడు లైట్లని మాత్రం బ్యాటరీ మీద నడిపితే, తలుపులు మూసిన గదిలో మన డబ్బుతో మనమే మొక్కల్ని ఉడకబెడుతున్నట్టు. మే నెల మధ్యాహ్నం దీని ఫలితం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అసలు ప్రమాదం నీళ్లలో ఉంది

టబ్బులో వేర్లు మునిగి ఉండే పద్ధతిలో, అంటే డీప్ వాటర్ కల్చర్‌లో, వేర్లకి ఆక్సిజన్ అందించేది ఎయిర్ పంపే. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో గరిష్ఠంగా సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకి పడిపోతుంది. అదే సమయంలో వేడికి వేర్ల ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అంటే మన ఎండాకాలంలో పంప్ ఆగితే రెండు వైపులా దెబ్బే. వేర్లు గోధుమ రంగుకి తిరిగి కుళ్లు మొదలైతే 30, 40 రోజుల పంట చేతికి రాదు.

సన్నటి నీటి పొర పైపుల్లో పారే ఎన్‌ఎఫ్‌టీ పద్ధతిలో ఇంకా తక్కువ టైమ్ ఉంటుంది. అక్కడ పంప్ ఆగితే వేర్ల దగ్గర నిల్వ నీళ్లే ఉండవు, ఎండలకి త్వరగానే వాడిపోతాయి. ఇలాంటి సెటప్‌లో నీళ్ల పంప్‌కే మొదటి ప్రాధాన్యం. ఆ తర్వాత గాలి కదిలించే చిన్న ఫ్యాన్.

ఇప్పుడు లెక్క చూద్దాం

తమ్ముడి గదిలో లైట్లు 240 వాట్లు, ఎయిర్ పంప్ 10 వాట్లు, రెండు చిన్న ఫ్యాన్లు కలిపి 10 వాట్లు. మొత్తం 260. ఏసీని ఎలాగూ బ్యాటరీ మీద పెట్టలేం.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉంటాయి. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే సగం దగ్గర ఆగాలి. ఇన్వర్టర్ నష్టం 15 శాతం అనుకుంటే మిగిలేది సుమారు 765. 260 వాట్ల లోడ్‌కి అది మూడు గంటలు కూడా రాదు. అందుకే షాపువాళ్లు రెండో బ్యాటరీ అంటారు.

లైట్లు తీసేస్తే మిగిలింది 20 వాట్లే. దీనికి ఇన్వర్టర్ కూడా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. బ్యాటరీలోని 12 వోల్టుల్ని 230 వోల్టులుగా మార్చడానికి, లోడ్ లేకపోయినా అది కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది. మనం నడిపే పంప్‌కన్నా ఆ ఖర్చే ఎక్కువ కావొచ్చు. కాబట్టి 12 వోల్టుల డీసీ ఎయిర్ పంప్, 12 వోల్టుల ఫ్యాన్లు తీసుకుని నేరుగా బ్యాటరీ మీదే నడపడం తెలివైన పని. 12.8 వోల్టుల, 20 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌లో 256 వాట్-అవర్లు ఉంటాయి. 80 శాతం వాడినా 205. అంటే 20 వాట్లకి పది గంటలు.

తమ్ముడు చేసింది ఇదే. బీఎంఎస్ ఉన్న ప్యాక్, ఆ కెమిస్ట్రీకి సరిపోయే చార్జర్, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ పక్కనే ఒక ఫ్యూజ్, ఒక డీసీ పంప్. ఫ్యాన్లు ముందే 12 వోల్టులవి. ఖర్చు ఎనిమిది వేల లోపు. పంప్ ఎప్పుడూ బ్యాటరీ మీదే నడుస్తుంది, చార్జర్ దాన్ని నింపుతూ ఉంటుంది. కరెంట్ పోయినప్పుడు స్విచ్ అయ్యేది ఏమీ లేదు కాబట్టి ఆ టైమ్‌లో ఫెయిల్ అయ్యేదీ లేదు. చార్జింగ్‌లో వోల్టేజ్ 14 దాటుతుంది కాబట్టి, పంప్, ఫ్యాన్ అంత వోల్టేజ్ తట్టుకుంటాయో లేదో కొనేముందు చూసుకోవాలి. మొన్న మే నెలలో ఈదురుగాలుల వానకి ఐదు గంటలు కరెంట్ లేదు. లైట్లు ఆరాయి, ఏసీ ఆగింది. వాడు ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల బాటిళ్లు టబ్బుల్లో వేశాడు. పంప్ ఆగలేదు. మర్నాడు కేఫ్‌ల ఆర్డర్ టైమ్‌కే వెళ్లింది.

పవర్ బ్యాంక్ సరిపోదా?

ఒక టబ్బు, ఒక యూఎస్‌బీ పంప్ అయితే సరిపోతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో 74 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోయినా రెండున్నర వాట్ల పంప్‌ని దాదాపు ఒక రోజు నడపగలదు. కానీ రెండు చిక్కులున్నాయి. లోడ్ మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు "ఫోన్ నిండింది" అనుకుని వాటంతటవే ఆఫ్ అయిపోతాయి. చార్జ్ అవుతూనే అవుట్‌పుట్ ఇవ్వడం అన్నిటికీ రాదు. ఈ రెండూ టెస్ట్ చేశాకే నమ్మండి.

టైమర్ కూడా చూసుకోండి. ముళ్లు తిరిగే మెకానికల్ టైమర్ కరెంట్‌తోపాటే ఆగిపోతుంది, రెండు గంటలు పోతే షెడ్యూల్ రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. స్మార్ట్ ప్లగ్ అయితే కరెంట్ వచ్చాక ఆన్ అవ్వాలా, ఆఫ్‌లోనే ఉండాలా అనే సెట్టింగ్ యాప్‌లో ఉందేమో చూడండి. అలర్ట్ విషయంలోనూ అంతే. కరెంట్ పోతే రౌటర్ కూడా పోతుంది, ఇంట్లోంచి మెసేజ్ పంపడానికి ఏమీ మిగలదు. రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టండి, లేదా డివైస్ ఆఫ్‌లైన్ అయినప్పుడు క్లౌడ్ నుంచి నోటిఫికేషన్ వచ్చేలా పెట్టుకోండి. సర్వర్ల దగ్గర మేం రోజూ చేసేది ఇదే: సిగ్నల్ రాకపోవడమే అలారం.

"ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా" అంటే

ఉంటే మంచిదే, పంప్‌ని దానికి కలపండి. లైట్లని మాత్రం కలపొద్దు. మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బుల కోసం పెట్టుకున్న బ్యాటరీని 240 వాట్ల గ్రో లైట్లు తాగేస్తే, మే నెల రాత్రి అమ్మానాన్నల ఫ్యాన్ ముందే ఆగిపోతుంది. లెట్యూస్ కోసం ఇంట్లోవాళ్లని చెమటలు పట్టించడం న్యాయం కాదు.

ఈ సలహా అందరికీ వర్తించదని కూడా ఒప్పుకోవాలి. గదిలో కుంకుమపువ్వు పెంచేవాళ్లకి, బటన్ పుట్టగొడుగులు పెంచేవాళ్లకి చల్లదనమే ప్రాణం. వాళ్లకి ముందు కావాల్సింది గోడలకి మంచి ఇన్సులేషన్, తర్వాత జనరేటర్. అలాగే 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో కరెంట్ రోజుల తరబడి రాలేదు. అలాంటప్పుడు ఏ చిన్న బ్యాటరీ నిలబడదు. దానికి హవాయి యూనివర్సిటీకి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో ప్రచారమైన పద్ధతి ఉంది. అందులో నీటి మట్టం తగ్గేకొద్దీ వేర్లు గాలి తీసుకుంటాయి, పంపే అక్కర్లేదు. కరెంట్ మరీ నమ్మలేని ఊళ్లో ఉంటే లెట్యూస్‌ని అలాగే మొదలుపెట్టండి.

చివరిగా కంపెనీలకి, మాలాంటి రాసేవాళ్లకి ఒక మాట. వేలు పోసి కొనే స్మార్ట్ గార్డెన్ కిట్లలో యాప్ ఉంటుంది, రంగులు మారే లైట్ ఉంటుంది. ఐదు వాట్ల పంప్‌ని కొన్ని గంటలు నడిపే చిన్న బ్యాటరీ ఎందుకు ఉండదు? కనీసం పంప్‌కి విడిగా యూఎస్‌బీ-సీ ఇన్‌పుట్ అయినా ఇవ్వొచ్చు కదా. రివ్యూల్లో ఇకనుంచి ప్లగ్ పీకేసి, పంప్ ఎంతసేపు నడిచిందో కూడా రాయాలి. మీరు ఈ వీకెండ్ మీ గదిలో అదే టెస్ట్ చేయండి: మెయిన్ స్విచ్ ఆపి, ఫోన్‌లో టైమర్ పెట్టి, ముందు ఏది ఆగుతుందో చూడండి. ఏం కొనాలో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.