చేతిలో పని ఉంది, పత్రమే లేదు

వేసవి వచ్చిందంటే మా పట్టణంలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణాలకు క్షణం తీరిక ఉండదు. ఆ దుకాణాలలో పానా పట్టిన చేతులలో చాలా భాగం మన పిల్లలవే. బడి మానేసి, ఉస్తాద్ వెంట సంచి మోస్తూ పనిలో చేరి, నాలుగైదేళ్లకు కంప్రెసర్ చప్పుడు విని రోగం చెప్పగల నేర్పు సంపాదించినవారు వీరు. ఆ నేర్పును మేము తక్కువ చేయము. కానీ ఆ నేర్పు ఏ కాగితం మీదా లేదు. ఈ వ్యాసం దాని గురించే.

గత సంవత్సరం ఒక యువకుడు మగ్రిబ్ నమాజు తరువాత మసీదు వరండాలో మమ్మల్ని కలిశాడు. పదకొండేళ్ల అనుభవం ఉంది. కువైట్‌లో ఉద్యోగానికి ప్రయత్నిస్తే టెక్నీషియన్ వీసాకు ట్రేడ్ సర్టిఫికెట్ అడిగారు. అతని వద్ద లేదు. పదో తరగతి కూడా పూర్తి కాలేదు కనుక పాస్‌పోర్టు ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన కోవలో ఉంది. చివరకు హెల్పర్‌గా వెళ్లాడు. అతని వద్దనే రాగి గొట్టాలు అతకడం నేర్చుకున్న ఒక ఐటీఐ కుర్రవాడు మాత్రం టెక్నీషియన్‌గా వెళ్లాడు. "చాచా, నేను నేర్పినవాడి కింద నేను పని చేయాలా?" అని అతడు అడిగిన ప్రశ్న మమ్మల్ని నేటికీ వదలలేదు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య గడిపిన మాకు ఒక సత్యం బాగా తెలుసు. కార్యాలయం మనిషిని చూడదు, అతని కాగితాన్ని చూస్తుంది. ఇది న్యాయమా అంటే కాదు. అయినా వాస్తవం ఇదే.

ఆ కాగితం అందనంత దూరంలో లేదు. ఐటీఐలలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్ల కోర్సు. గణితం, సైన్సులతో పదో తరగతి ఉత్తీర్ణులైతే చాలు. అది పూర్తిచేసినవారికి దేశమంతటా చెల్లే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ లభిస్తుంది. ఆపై అప్రెంటిస్‌షిప్ కూడా చేయవచ్చు. అమెరికాలో కొన్ని కమ్యూనిటీ కాలేజీలు ఇదే విద్యను 'ఎన్విరాన్‌మెంటల్ కంట్రోల్ టెక్నాలజీ' పేరుతో నేర్పుతున్నాయి. అక్కడ పరీక్ష రాసి ధ్రువపత్రం పొందనివారు ఏసీలోని గ్యాస్‌ను ముట్టరాదని చట్టమే ఉన్నది.

మన దేశమూ ఆ దారిలోనే నడుస్తున్నది. ఓజోన్ పొరను కాపాడే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద పాత ఆర్-22 గ్యాస్ దశలవారీగా తొలగిపోతున్నది. ఒక కిలో ఆర్-22 గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కలో అది సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. దాని స్థానంలోకి వస్తున్న ఆర్-32 కొద్దిగా మండే గుణం కలది. ఆర్-290 అంటే సాక్షాత్తూ ప్రొపేన్, వంటగ్యాస్‌లో ఉండేదే. పాత పద్ధతిలో గ్యాస్‌ను గాలిలోకి వదిలేసి, ఆ గదిలోనే మంట వెలిగించి గొట్టం అతికితే ప్రాణాలకే ముప్పు. నైట్రోజన్‌తో చేయవలసిన ప్రెషర్ పరీక్షను ఆక్సిజన్‌తో చేస్తే కంప్రెసర్ నూనె తగిలి పేలిపోతుంది. ఇవి ఉస్తాద్‌లు తమ కాలంలో నేర్చిన పాఠాలు కావు. కనుక చదువు ఇక్కడ జీతానికి మాత్రమే కాదు, ప్రాణానికీ రక్ష.

2019లో కేంద్రం ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నది. ఆ లక్షలో మన మహల్లాల పిల్లలు ఎందరున్నారు? ముస్లింలలో స్వయం ఉపాధి మీద బతికేవారు ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ స్వయం ఉపాధికి గుర్తింపు పత్రం జతచేసే పని మిగిలే ఉంది.

ఒక తల్లి మాతో ఇలా అన్నది: "భాయ్‌సాబ్, రెండేళ్లు వాడు సంపాదించకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది?" ఈ ప్రశ్నను కొట్టిపారేసే హక్కు పెన్షన్ తీసుకునే మాకు లేదు. కొన్ని ఐటీఐలలో పనిముట్లు చాలవన్న ఫిర్యాదూ అబద్ధం కాదు. అందుకే ఉస్తాద్‌ను వదలమని మేము చెప్పము. పగలు ఐటీఐ, సెలవు దినాలలో దుకాణం, రెండూ సాగాలి. చేతి నేర్పు ఉస్తాద్ ఇస్తాడు, దాని వెనుక శాస్త్రాన్ని, పత్రాన్ని ఐటీఐ ఇస్తుంది.

ఇప్పటికే పనిలో ఉన్నవారికి రెండు దారులున్నాయి. పదో తరగతి లేనివారు ఓపెన్ స్కూల్ ద్వారా రాయవచ్చు, కానీ గణితం, సైన్సు తప్పక ఎంచుకోవాలి. అవి లేక దరఖాస్తు తిరిగివచ్చిన పిల్లలను మేము చూశాము. రెండవది, కౌశల్ వికాస్ యోజనలోని పూర్వ అనుభవ గుర్తింపు. వచ్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఇది. ట్రేడ్ సర్టిఫికెట్‌తో సమానం కాకపోయినా, ఏమీ లేకపోవడం కంటే ఎంతో మేలు.

ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది: ముస్లింలు అధికంగా ఉన్న పట్టణాలలోని ప్రభుత్వ ఐటీఐలలో ఈ ట్రేడు సీట్లు పెంచాలి. అనుభవ గుర్తింపు పరీక్షలు పిల్లలు పని చేసే వీధులకు దగ్గరగా జరపాలి. మసీదు కమిటీలను కోరేది ఇంకా చిన్నది: పదో తరగతి ఫలితాలు వచ్చిన నెలలో, నాలుగు జుమాలు, వరండాలో ఒక బల్ల వేయండి. దరఖాస్తు నింపడం వచ్చిన ఒక్కరిని అక్కడ కూర్చోబెట్టండి. మా పట్టణంలో ఆ బల్ల దగ్గర మేము కూర్చుంటాము. మీ పట్టణంలోనూ మావంటి రిటైరైన గుమాస్తా ఒకరు తప్పక ఉంటారు. వెళ్లి పిలవండి.