ఏ చెవి మాట ఆ చెవికే

పిల్లలూ,

ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి నాకు ఇలా రాశాడు: "మాష్టారూ, మా ఇంట్లో కంప్యూటరుకు రెండు స్పీకర్లున్నాయి. హెడ్‌ఫోను పెట్టుకుని పాట వింటే ఒక వాద్యం ఈ పక్క, ఇంకొకటి ఆ పక్క చక్కగా విడివిడిగా వినిపిస్తుంది. అదే పాట స్పీకర్లలో వింటే అంతా ఎదురుగా ముద్దగా ఉంటుంది. పెద్ద స్పీకర్లు కొంటే బాగుపడుతుందని మా నాన్నగారు అంటున్నారు. నిజమేనా?"

ఇందులో నాన్నగారి డబ్బు సంగతి కూడా ఉన్నది గనక ముందు దానికి జవాబు చెబుతాను. పెద్ద స్పీకర్లు కొంటే మోత పెరుగుతుంది, మద్దెల గంభీరంగా మోగుతుంది. కాని ఆ ముద్ద మాత్రం విడిపోదు. దానికి కారణం స్పీకర్లలో లేదు. రెండు చెవులకూ నడుమ ఉన్న మన తలకాయలో ఉన్నది. ఎలాగో చూద్దాం.

మీరు కళ్ళకు గంతలు కట్టుకుని ఆడేటప్పుడు, స్నేహితుడు ఏ పక్కనుంచి చప్పట్లు కొట్టాడో చటుక్కున చెప్పెయ్యగలరు గదా! కుడిపక్క చప్పట్లు కొడితే ఆ చప్పుడు ముందు కుడిచెవికి చేరుతుంది. ఎడమచెవికి చేరాలంటే అది తలను చుట్టి రావాలి. ఈ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో ఇంచుమించు 1,500వ వంతు మాత్రమే. ఒక్క కనురెప్ప పాటులో ఇలాంటివి వందకు పైగా ఇమిడిపోతాయి! ఇంత చిన్న తేడాను మన మెదడు పట్టుకుంటుంది. అంతే కాదు, తల అడ్డం రావటం వల్ల ఎడమచెవి మీద "ధ్వని నీడ" పడి అక్కడ చప్పుడు కొంచెం తగ్గుతుంది. అదీ మెదడు గమనిస్తుంది. 1907లో లార్డ్ రేలీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఈ సంగతి వివరంగా చెప్పాడు: బొంగురు స్వరాల దిక్కును ఆలస్యాన్ని బట్టీ, కీచు స్వరాల దిక్కును నీడను బట్టీ తెలుసుకుంటామని.

అంటే చెవులు రెండూ మెదడుకు ఒకే వార్త పంపవు. కొంచెం తేడాగా ఉన్న రెండు వార్తలు పంపుతాయి. ఆ తేడాలోనే దిక్కు ఉన్నది.

ఇప్పుడు ఒక బుర్రకథను రికార్డు చేశారనుకోండి. కథకుడు నడుమ నిలబడతాడు. వంతలిద్దరూ చెరొక పక్కా ఉంటారు. ఎడమపక్క మైకుతో పట్టినది ఎడమ స్పీకరు నుంచీ, కుడిపక్క మైకుతో పట్టినది కుడి స్పీకరు నుంచీ వినిపిస్తే మన ముందు ముగ్గురూ నిలబడినట్టే ఉండాలి. ఈ స్టీరియో పద్ధతికి 1931లో పేటెంటు కోరినవాడు అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. సినిమాలో నటుడు తెర ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిపోతున్నా గొంతు మాత్రం ఒకే చోటినుంచి రావటం ఆయనకు నచ్చలేదని చెబుతారు. పాపం, 1942లో విమానంలో రాడార్ యంత్రాన్ని పరీక్షిస్తూ, ఆ విమానం కూలి, ముప్ఫై ఎనిమిదేళ్ళకే చనిపోయాడు.

అయితే ఇక్కడే ఒక చిక్కున్నది. ఎడమ స్పీకరు మాట ఎడమచెవికి మాత్రమే చేరి ఊరుకోదు. గాలికి కట్టుబాటు లేదు! అది తలను చుట్టి కుడిచెవికీ చేరుతుంది. కుడి స్పీకరు మాట ఎడమచెవికీ చేరుతుంది. దీనినే క్రాస్‌టాక్ అంటారు. వెనుకటి టెలిఫోన్లలో ఒక తీగ మీద మాట్లాడుకునేది పక్క తీగ మీదికి జారి, ఎవరి కబుర్లో మనకు వినబడేవి. మీ తాతగారిని అడిగితే చెబుతారు. ఆ బాధకు పెట్టిన పేరే దీనికీ వచ్చింది.

బ్లమ్‌లైన్‌కు ఈ కలగాపులగం తెలియక కాదు. రెండు చెవులూ రెండు స్పీకర్లనూ వింటాయని లెక్కవేసే ఆయన తన పద్ధతిని కూర్చాడు. ఫలితం చాలా బాగున్నది. కాని ఒక హద్దు ఏర్పడింది. శబ్దమంతా రెండు స్పీకర్ల నడుమనే ఉండిపోతుంది, వాటిని దాటి పక్కలకు విస్తరించదు. కంప్యూటరు స్పీకర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి గనక ఆ మైదానం మరీ ఇరుకై ముద్దగా తోస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చెయ్యండి. అమ్మ ఒప్పుకుంటేనే సుమా! రెండు స్పీకర్లనూ బల్ల మీద జానెడు ఎడంలో పెట్టండి. వాటి నడుమనుంచి మీ ముక్కు దాకా వచ్చేటట్టు ఒక పరుపును గోడలాగా నిలబెట్టి తమ్ముణ్ణి పట్టుకోమనండి. ముక్కు పరుపు అంచుకు ఆనాలి. ఎడమకంటికి ఎడమ స్పీకరూ, కుడికంటికి కుడి స్పీకరూ మాత్రమే కనబడాలి. ఇప్పుడు పాట పెట్టండి. జానెడు ఎడంలో ఉన్న స్పీకర్లనుంచి పాట గది వెడల్పుకు పరుచుకుంటుంది! తమ్ముణ్ణి పరుపు తియ్యమంటే మళ్ళీ ముడుచుకుపోతుంది. కాణీ ఖర్చు లేదు. పెద్ద స్పీకర్లు కొనబోయే ముందు నాన్నగారిని కూడా ఆ పరుపు ముందు ఒకసారి కూర్చోబెట్టండి.

కాని రోజూ ముక్కుకు పరుపు ఆనించుకుని పాటలు వినేదెవరు? పరుపు చేసే పనిని లెక్కలతో చేయించటమే క్రాస్‌టాక్‌ను రద్దుచేసే సాఫ్ట్‌వేరు చేసే పని.

ధ్వని అంటే గాలి నొక్కుకోవటం, సడలటం; మళ్ళీ నొక్కుకోవటం, సడలటం. ఒకచోట గాలి నొక్కుకోబోయే క్షణానికి సరిగ్గా అంతే సడలింపును అక్కడికి పంపితే రెండూ కలిసి ఏమీ లేనట్టవుతుంది. గుంటలో మట్టి పోసి చదును చేసినట్టే. కుడి స్పీకరు నుంచి "టక్"మని ఒక చప్పుడు వచ్చిందనుకోండి. దాని బలం 1 అందాం. అది కుడిచెవికి చేరింది, మంచిదే. కాని ఎడమచెవికి కూడా పోతున్నది. స్పీకర్లు మామూలు ఎడంలో ఉంటే, తలను చుట్టి పోవటానికి అది 9 సెంటీమీటర్ల దూరం, అంటే బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ, అదనంగా నడవాలి. దాని బలం 3/4కు తగ్గిందనుకుందాం. సీడీలో పాటను సెకనుకు 44,100 అంకెలుగా రాసిపెడతారు. గాలిలో ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుంది. లెక్క వేస్తే 9 సెంటీమీటర్ల నడక సుమారు 12 అంకెల కాలం.

కాబట్టి సాఫ్ట్‌వేరు 12 అంకెలు ఆగి, మైనస్ 3/4 బలంతో ఒక ఎదురు చప్పుడును ఎడమ స్పీకరు నుంచి పంపుతుంది. ఎడమచెవి దగ్గర రెండూ కలిసి మాయమవుతాయి. పని తీరిందా? తీరలేదు! ఆ ఎదురు చప్పుడు కూడా చప్పుడే గదా! అది తలను చుట్టి కుడిచెవికి పోతుంది. ఇప్పుడు దాని బలం 3/4లో 3/4, అంటే మైనస్ 9/16. దాన్ని చంపటానికి కుడి స్పీకరు నుంచి ప్లస్ 9/16 పంపాలి. అది మళ్ళీ ఎడమచెవికి 27/64 అయి చేరుతుంది. దానికి మళ్ళీ మందు కావాలి. అప్పు తీర్చటానికి కొత్త అప్పు చేసినట్టున్నది వ్యవహారం. కాని ఈ అప్పు ప్రతిసారీ ముప్పాతికకు తగ్గుతూ వస్తుంది. ఇరవై విడతలయ్యేసరికి మొదటిదానిలో 300వ వంతు కంటే తక్కువే మిగులుతుంది. ఇదంతా జరగటానికి పట్టే కాలం సెకనులో 180వ వంతు! మన చెవికి ఇందులో ఏదీ విడిగా తెలియదు. వాద్యాలు ఎడం ఎడంగా జరిగినట్టు మాత్రం తెలుస్తుంది. (నిజానికి తల నీడ అన్ని స్వరాలకూ 3/4 కాదు. బొంగురు స్వరాలకు తక్కువ తగ్గుతుంది, కీచు స్వరాలకు ఎక్కువ తగ్గుతుంది. మంచి సాఫ్ట్‌వేరు అదీ లెక్కలోకి తీసుకుంటుంది.)

ఈ ఆలోచన ఈనాటిది కాదు. 1961లో అమెరికాలో బెంజమిన్ బావర్ దీన్ని గురించి రాశాడు. ఆ కొద్దికాలానికే బెల్ ప్రయోగశాలలో ఇద్దరు దీనికి సరైన గణితం కట్టారు. ఒకరు జర్మనీ నుంచి వచ్చిన మన్‌ఫ్రెడ్ ష్రోడర్. రెండవవారు మన దేశస్థుడు, 1933లో కాన్పూరులో పుట్టిన బిష్ణు అటల్. ఆయన బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, అక్కడే కొంతకాలం పాఠాలు చెప్పి, తరవాత అమెరికా వెళ్ళారు. 1962లో ఇద్దరూ పేటెంటు కోరారు. 1966లో అది వచ్చింది. మాటను చిన్న చిన్న అంకెలుగా కుదించి ఫోనులో పంపే విద్యకు కూడా వీరిద్దరి పని పునాది అయింది. మీ చేతిలోని మొబైల్ ఫోను వారికి బాకీ పడి ఉన్నది.

ష్రోడర్ దీన్ని దేనికి వాడాడో చెబితే మీకు సరదాగా ఉంటుంది. ఐరోపాలో గొప్ప సంగీతశాలలు చాలా ఉన్నాయి. వాటిలో ఏది బాగుంటుందో తేల్చటం ఎలా? ఒక ఊళ్ళో విని, రైలెక్కి ఇంకొక ఊరు వెళ్ళి వినేసరికి మొదటిది మరిచిపోతాం. చెవి జ్ఞాపకం చాలా పొట్టిది. అందుకని ఆయనా, ఆయన తోటివారూ మనిషి తలలాంటి బొమ్మకు చెవుల్లో మైకులు పెట్టి, శాలల్లో కూర్చోబెట్టి, ఒకే సంగీతాన్ని అన్నిచోట్లా రికార్డు చేశారు. తరవాత జర్మనీలో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో, ప్రతిధ్వని లేని ఒక గదిలో, రెండు స్పీకర్ల ఎదుట శ్రోతను కూర్చోబెట్టి, క్రాస్‌టాక్ రద్దుచేసి వినిపించారు. కుర్చీలోంచి లేవకుండానే శ్రోత ఒక క్షణం ఒక శాలలో, మరుక్షణం ఇంకొక శాలలో ఉన్నట్టయింది! 1974లో ఫలితం ప్రకటించారు: రెండు చెవులకూ వేరు వేరు ధ్వని చేరే శాలలే జనానికి నచ్చాయి. పక్కగోడలు దగ్గరగా ఉండే సన్నని శాలలు అలాంటివి.

ఇంత మంచి విద్య ఇంటింటా ఎందుకు లేదని మీరు అడగాలి. అడగకపోతే నేనే చెబుతాను. తల కొంచెం కదిలితే లెక్క చెడుతుంది. సెకనుకు 10,000 సార్లు ఊగే కీచు స్వరం అల పొడవు 3.4 సెంటీమీటర్లే. గుంటలో పడవలసిన మట్టి పక్కన గట్టు మీద పడితే ఏమవుతుంది? ఎత్తు ఇంకా పెరుగుతుంది. ఇక సెకనుకు 100 సార్లు ఊగే మద్దెల మోత అల 3.4 మీటర్లు. అంత పొడుగు అలకు మన తల ఒక గోళీకాయతో సమానం. రెండు చెవులకూ ఒకే మోత చేరుతుంది గనక ఎదురు చప్పుడు పంపితే అసలు మోతే పోతుంది. దాన్ని నిలబెట్టాలంటే స్పీకరును మితిమీరి కొట్టాలి. అందుచేత చాలా సాఫ్ట్‌వేర్లు అట్టడుగు స్వరాలనూ, మరీ పై స్వరాలనూ వదిలి నడిమి వాటినే పట్టించుకుంటాయి.

స్పీకర్లను దూరంగా కాక దగ్గరగా పెడితే తల కదలిక వల్ల వచ్చే చెరుపు తగ్గుతుందని ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయపు ఫిలిప్ నెల్సన్, ఆయన తోటివారు 1998లో చూపించారు. అమెరికాలో రాల్ఫ్ గ్లాస్‌గాల్ ప్రచారం చేసిన "రేస్" పద్ధతి కూడా దగ్గరి స్పీకర్లతోనే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్గర్ షువేరీ అనే ఆచార్యుడున్నాడు. ఆయన అసలు పని రాకెట్లను తోసే ప్లాస్మా యంత్రాలు! పాట రంగు మారకుండా క్రాస్‌టాక్‌ను తగ్గించే "బాక్" అనే పద్ధతిని కట్టింది ఆయనే. అందులో మీ చెవుల్లో చిన్న మైకులు పెట్టి మీ తలనే కొలుస్తారు; మీరు కదిలితే కెమేరా చూసి లెక్క మారుస్తుంది.

కంప్యూటరు ముందు మనిషి ఒకచోటనే కూర్చుంటాడు, స్పీకర్లు దగ్గరగా ఉంటాయి, లెక్క వేసే యంత్రం అక్కడే ఉన్నది. కనక ఈ విద్యకు అదే సరైన చోటు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు డబ్బుకూ దొరుకుతాయి, ఉచితంగానూ దొరుకుతాయి. హెడ్‌ఫోను ఉండగా ఇదెందుకంటారా? హెడ్‌ఫోనులో క్రాస్‌టాక్ లేదు, నిజమే. కాని పాట పుర్రె లోపల మోగుతున్నట్టుంటుంది. ఇందులో అది బయట, ఎదుట ఉంటుంది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. 1950లలో, 1960లలో వచ్చిన మన సినిమా పాటలు మోనో రికార్డులు. "మాయాబజార్" పాటలు ఈ సాఫ్ట్‌వేరుతో వెడల్పు కావు. రెండు చెవులకూ ఒకే వార్త వస్తుంటే విడదీయటానికేమున్నది? రెండవది, ఈ పండుగ నడిమి కుర్చీలో కూర్చున్న ఒక్కరికే. పక్కన కూర్చున్న చెల్లెలికి అదే పాట పలచగా, వింతగా వినిపిస్తుంది. ఇంట్లో పదిమందీ చేరి వినేటప్పుడు నేనైతే దీన్ని ఆపేస్తాను.

ఇక మీకు ఒక లెక్క. స్పీకర్లను దగ్గరగా జరిపాక దూరపు చెవికి అదనపు నడక 9 కాక 3 సెంటీమీటర్లే అయిందనుకోండి. సాఫ్ట్‌వేరు ఎన్ని అంకెలు ఆగి ఎదురు చప్పుడు పంపాలి? జవాబు పూర్ణసంఖ్యగా రాదు. రెండు అంకెల నడుమ పడే క్షణాన్ని యంత్రం ఎలా పట్టుకుంటుందో కూడా ఆలోచించి రాయండి. జవాబు వచ్చే సంచికలో.