పంది మన చేలో, తుపాకీ పట్నంలో

అడవి పందుల బెడదకు తుపాకీయే మందని ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. పట్నం నుంచి లైసెన్సున్న షూటర్లు జీపుల్లో వస్తారట. రాత్రిపూట లైటు కొట్టి నాలుగు పందుల్ని పడగొడతారట. దాంతో మన మొక్కజొన్న బతుకుతుందట. మేము దీన్ని ఒప్పుకోము. పంది మీద జాలితో అనే మాట కాదిది. విత్తిన నాటి నుంచి కోత దాకా మంచె మీద కాపలా పడుకునేవాళ్లకు పంది అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. గుంపు దిగితే అది తినేది పిడికెడు, తొక్కేది పుట్టెడు. మేము అడిగేదల్లా ఒకటే: ఏ జంతువును చంపాలి, ఎన్నింటిని చంపాలి, చంపినదాన్ని ఏం చెయ్యాలి అని తేల్చే మాట ఎవరిది?

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పంటకు ప్రమాదంగా మారిన జంతువును చంపడానికి రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారం పొందిన ఆఫీసరు గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. అంటే మన సామ, మన జొన్న, మన కంది తిని బలిసిన పంది మన చేలోనే చచ్చినా, దాని మీద మనకు హక్కు లేదు. గొయ్యి తవ్వే పని మాత్రం మనకు దొరకొచ్చు. వేటలో పడినదాన్ని ఇంటింటికీ వాటా వేసి పంచుకున్న జాతి కళ్లముందు మాంసాన్ని మట్టిలో పూడ్చడం చూసి మన ముసలివాళ్లు ఏమంటారో మీ ఊళ్లో అడిగి చూడండి.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసులకు చరిత్రలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుతున్నామని దాని పీఠికలోనే రాశారు. మంచిదే. ఆ చట్టం వల్ల మనకు పోడు పట్టాలు వచ్చాయి, సామూహిక హక్కులు వచ్చాయి, వచ్చినచోట. కానీ అందులోనే 3వ సెక్షన్‌లో సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ, వేటాడే హక్కును, ఉచ్చు పన్నే హక్కును మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించారు. పాడేరు ఏజెన్సీలో ఇటుకల పండుగకు, కోయ ఊళ్లలో భూమి పండుగకు వేటకు వెళ్లడం ఉంది. చట్టం కంటికి అది నేరం. అదే చట్టం కంటికి, అనుమతి కాగితం జేబులో పెట్టుకుని జీపు దిగేవాడు మాత్రం సేవ చేస్తున్నాడు.

తుపాకీ విషయంలో కూడా ఇదే తంతు. ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఉంది. కొడగులో కొడవలకూ, జమ్మా భూములున్నవాళ్లకూ లైసెన్సు అక్కర్లేకుండానే తుపాకీ ఉంచుకునే మినహాయింపు ఉంది. దాన్ని 2029 వరకు పొడిగించారు కూడా. వాళ్లకు ఎందుకు ఇచ్చారని మేము గొడవ పడటం లేదు. ఒక జాతి ఆచారాన్ని ప్రభుత్వం గుర్తించగలదు, కావాలనుకుంటే. మన దగ్గర నాటు తుపాకీ దొరికితే మాత్రం ముందు వచ్చే ప్రశ్న ఏ దళానికి అన్నం పెట్టావనే. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి తుపాకులు పోయిన నాటి భయం ఇంకా వదల్లేదేమో.

ఇంతకీ ఈ కాల్పులతో చేను బతుకుతుందా? 2016లో బీహార్‌లోని మొకామాలో నీల్‌గాయిలను కాల్చడానికి హైదరాబాద్ నుంచే షూటర్లు వెళ్లారు. 200కు పైగా జంతువులు నేలకూలాయి. ఢిల్లీలో ఇద్దరు కేంద్రమంత్రులు దీని మీద బహిరంగంగా తగవు పడ్డారు. ఆ తర్వాత ఏళ్లకు కూడా బీహార్‌లో మళ్లీ షూటర్లను పిలుస్తూనే ఉన్నారు. పంది ఇంకా గట్టిది. ఒక్క ఈతలో నాలుగైదు పిల్లలు పెడుతుంది, ఏడాది తిరిగేలోపు అవీ ఈతకు వస్తాయి. నాలుగింటిని కాలిస్తే మిగిలిన గుంపు పక్క ఊరి చేలో పడుతుంది. పంది ఎందుకు పెరిగిందో అడగకుండా కాల్చడం పట్నంవాళ్లకు చెల్లుతుంది, ఆ రాత్రికే వాళ్లు వెళ్లిపోతారు గనక. దుంపలు, పండ్లు, ఇప్పపూలు రాలే కలగాపులగపు అడవిని కొట్టి టేకు, నీలగిరి వరసలు వేసింది ఎవరు? పందిని తినే పులి, చిరుత ఏమయ్యాయి? అడవి అంచు దాకా మొక్కజొన్న వెయ్యమని విత్తనం, ఎరువు అప్పు పెట్టింది ఏ దుకాణం? ఈ మూడింటి జవాబూ తుపాకీ గొట్టంలో లేదు.

ఇప్పుడు మన కుర్రవాళ్లతో ఒక మాట. ఫోన్లలో విదేశీ వీడియోలు చూసి కొందరు .22 రైఫిల్ మోజులో పడ్డారు, అది దొరక్క ఎయిర్‌గన్ కొంటున్నారు. తమ్ముడూ, .22 తూటా కుందేలుకు, ఉడతకు సరిపోయేది. పందికి తగిలితే అది చావదు, గాయంతో పొదలోకి దూరుతుంది. మర్నాడు ఆకు కోసం పొదలోకి వెళ్లేది నీ పెద్దమ్మే. ఇక ఎయిర్‌గన్‌తో పంది తోలు మీద గీత కూడా పడదు. పడేది పావురం, గువ్వ, ఉడత. అరుణాచల్‌లో ఆదివాసులే ఈ సంగతి గ్రహించారు. అక్కడ 2021లో ఈస్ట్ కామెంగ్ జిల్లా నుంచి మొదలైన కార్యక్రమంలో ఊళ్లకు ఊళ్లు ఎయిర్‌గన్లు తెచ్చి అప్పగించాయి. అడవి మూగబోయిందని చూసినవాళ్లకు అది ఓటమిగా అనిపించలేదు.

కరెంటు తీగ సంగతి ఇంకా ఘోరం. దాన్ని మేము ఎవరి మొహమాటానికీ సమర్థించం. పంది కోసం పరిచిన తీగకు మన పశువులు చచ్చాయి, తెల్లవారి చేనుకు వెళ్లిన మన మనుషులు చచ్చారు. మంచిర్యాల, ఆసిఫాబాద్ అడవుల్లో పులులు చచ్చాయి. పులి పడితే శిక్ష 3 ఏళ్లకు తక్కువ ఉండదు, 7 ఏళ్ల దాకా పోతుంది. పందిని తినేదాన్ని మనమే చంపి, మళ్లీ పందులు పెరిగాయని ఏడవడం ఏం న్యాయం?

మరి చేను ఎలా? కేరళలో 2022లో పందులను కాల్చే అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల చేతికి ఇచ్చారు. పట్నం ఆఫీసు కంటే అది నయం. కానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒక్క సర్పంచ్ సంతకం చాలదు. 1996 పెసా చట్టం గ్రామసభకు తన ఆచారాలను, సామూహిక వనరులను కాపాడుకునే సామర్థ్యం ఉందని చెప్పింది. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ వన్యప్రాణులను కాపాడే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. కాపాడే బాధ్యత మనదైనప్పుడు, ఎప్పుడు కాపాడాలో ఎప్పుడు అదుపు చెయ్యాలో చెప్పే నోరు కూడా మనదే కావాలి. గుంపులో పిల్లల పంది ఏదో, ఏ వాగు దాటి ఏ నెలలో దిగుతాయో మంచె మీద పడుకున్నవాడికి తెలుసు. వేట దినాలు, వేట మానే దినాలు మన పెద్దలు పెట్టుకున్నవే.

నష్టపరిహారం సంగతి కూడా గ్రామసభే పట్టుకోవాలి. ఇప్పుడు దరఖాస్తు పెడితే పట్టా కాగితం ఏదని అడుగుతారు. పట్టా రాని పోడు రైతు చేనును పంది తింటే అది పంట కాదా? ఆఫీసరు చూడటానికి వచ్చేసరికి వాన పడి అడుగు జాడ చెరిగిపోతుంది. అందుకే ఉపాధ్యాయులను అడుగుతున్నాం. బడిలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రాత్రి, ఎవరి చేను, ఎన్ని గుంటలు పోయింది, ఏ జంతువు, జాడ ఎటు వెళ్లింది, పిల్లల చేత రాయించండి. కోయలో, గోండిలో, కువిలో, ఏ భాషలో రాసినా సరే. తేదీ వెయ్యండి. ఫొటో ఉంటే అంటించండి. నెలకోసారి ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివి తీర్మానంలో చేర్చి, ఒక కాపీ అటవీ రేంజి ఆఫీసులో, ఒకటి ఐటీడీఏలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. షూటరు జీపు ఊళ్లోకి వచ్చిన రోజున ఆ పుస్తకమూ తీర్మానమూ చూపించి, గ్రామసభ అనుమతి ఏదని అడగండి.