ఆటలో వచ్చిన లెక్క

ఢిల్లీ మెట్రో బ్లూలైన్‌కు ఒక కొసన, ఘజియాబాద్‌లో ఉంది వైశాలి. అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన కాస్త సిమెంటు జాగాలో సుద్దతో గళ్లు గీస్తే చాలు, పిల్లలకు స్టాపూ సిద్ధం. మన తొక్కుడుబిళ్లే అది. నాలుగో గడి నుంచి మూడు గంతులు వేస్తే ఏడు, వెనక్కి రెండు వేస్తే అయిదు. కూడిక, తీసివేత ముందు కాళ్లకు తెలుస్తాయి. మన ఊళ్ల కర్రాబిళ్లలో బిళ్ల పడిన దూరాన్ని కర్రతో కొలుస్తారు. పొట్టి కర్రతో కొలిస్తే లెక్క పెరుగుతుంది, వెంటనే తగువు మొదలవుతుంది. కొలిచేది చిన్నదైతే అంకె పెద్దదవుతుందన్న పాఠం ఆ తగువులోనే ఉంది.

అలాగని ఆడిస్తే చాలు, లెక్కలు వాటంతటవే వస్తాయనుకోలేం. ఢిల్లీలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే బాలబడుల్లో జరిగిన అధ్యయనం 2017లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. అక్కడ ఆడించినవి ఆరుబయట ఆటలు కావు గానీ, నాలుగు నెలలు అంకెలు, ఆకారాల ఆటలు ఆడిన చిన్నారుల్లో ఎక్కువతక్కువలు, ఆకారాలు పోల్చే నేర్పు పెరిగి నిలిచింది. తర్వాత బడి లెక్కలు నేర్చుకోవడంలో మాత్రం వారికి అదనపు మేలు కనిపించలేదు. ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో సరుకులమ్మే పిల్లలపై 2025లో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనమూ ఇలాంటిదే చెప్పింది. బేరంలో నోటిలెక్క చకచకా చేసే పిల్లలు బడి లెక్క దగ్గర తడబడ్డారు. బడి పిల్లలకేమో బజారు లెక్క కష్టమైంది.

అందుకే గంతు ఆగగానే, అదే సుద్దతో గడి పక్కన 4+3=7 అని రాయించాలి. ఎన్ని కర్రల దూరమో ముందు ఊహించమని, తర్వాత కొలిచి తేడా రాయమని అడగాలి. మూడో తరగతికల్లా ప్రతి బిడ్డకూ చదువు, లెక్కల పునాది పడాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ‘నిపుణ్ భారత్’ కోరుతోంది. ఆటపాటలతోనే నేర్పమనీ చెబుతోంది. అమ్మానాన్నలు, టీచర్లు పక్కన ఒక్క పది నిమిషాలు నిలబడితే ఆ పథకం కాగితం దాటి వస్తుంది.

చలికాలంలో గాలి పాడై పిల్లలను గడప దాటించలేని రోజులు వైశాలిలో ఎన్నో. గాలి బాగున్న సాయంత్రాలనైనా ట్యూషన్లకు ధారపోయకూడదు, ఆడే జాగాను కార్లకు వదిలేయకూడదు. ఆడుకునే చోటూ, ఆడిన లెక్కను రాయించే ఓపికా రెండూ పెద్దలే ఇవ్వాలి. అప్పుడే లెక్కలంటే పిల్లలకు బెరుకు పోతుంది.